తోడాకు

మా బాపమ్మ దేవవ్వ నోరు మూసుకుని ఉండే సమయం వారంలో రెండుసార్లే వచ్చేది. ఆదివారం, బేస్తవారం తెల్లవారుతుండగా గోదావరి ఒడ్డుకు ఆకు కోయడానికి పోయేటప్పుడు. మిగతా వేళల్లో ఆమె మాట ఆగాలంటే నిద్ర పట్టాలి. నిద్రలో కూడా అప్పుడప్పుడు పక్కింటివాళ్ల మేకను తిట్టేది.

గడప దాటిన దగ్గర్నుంచి తిరిగొచ్చి ఆకును నూరే రాతి కల్వంలో వేసేదాకా పెదవి విప్పకూడదు, వెనక్కి చూడకూడదు. మాట్లాడితే ఆకులో బలం పోతుంది. ఆ నియమం ఆమెకు వాళ్ల అత్త పెట్టింది. ఆ దారి మాత్రం నాకోసమే పెట్టినట్టు ఉండేది. చిన్నప్పుడు నేను వెనకాలే నడుస్తూ, "బాపమ్మా, నీ కొంగుకు తొండ వట్టుకున్నది" అనేదాన్ని. పలికేది కాదు. "బాపమ్మా, ఎల్లేశం తాత మన కోడిని సంకల వెట్టుకొని పోతుండు" అనేదాన్ని. అప్పుడు నడక ఒక్క క్షణం ఆగేది. వెనక్కి చూడకుండానే చెయ్యి చాచి గాలిని కొట్టేది. ఆ గాలిలో నేను ఉంటే దెబ్బ, లేకపోతే లేదు. కల్వంలో ఆకు పడిన మరుక్షణం దారి పొడుగునా దాచుకున్న తిట్లన్నీ ఒక్కసారిగా వచ్చేవి.

"నీ నోట్ల మన్నువడ. నీకు మూగ మొగడు దొరకాలె, నీకు చెవుడు రావాలె."

"నాకు చెవుడొస్తే నీ తిట్లు ఎవలింటరు బాపమ్మా?"

దానికి నవ్వు వచ్చేది ఆమెకు. నవ్వును కూడా తిట్టులాగే బయటికి వదిలేది.

మా ఊరు ధర్మపురికి అవతల, గోదావరి ఒడ్డున. బాపమ్మ కామెర్లకు మందు ఇచ్చేది. కళ్లు పచ్చబడిన మనుషుల్ని పరగడుపున తీసుకొచ్చి మా వాకిట్లో కూర్చోబెట్టేవాళ్లు. రేగుపండంత ఆకుముద్దను మేకపాలలో కలిపి తాపేది. నూనె వద్దు, కారం వద్దు, జొన్న గటక, మజ్జిగ మాత్రమే అని పత్తెం చెప్పేది. ఎవరైనా పైసలు పెట్టబోతే కల్వం మీద నీడ పడ్డట్టు వెనక్కి జరిగేది. కాని పెళ్లిళ్లలో ముందు వరుసలో కుర్చీ వేయకపోతే మాత్రం ఆ ఇంటి అన్నం వారం రోజులు ఆమెకు అరిగేది కాదు. అందరూ ఆమెను మందు దేవవ్వ అనేవాళ్లు. ఆ పిలుపు వినడానికే అవసరం లేకున్నా సంతకు పోయేది.

ముద్దలో రెండాకులు ఉంటాయి. ఒకటి మందు. దాని పేరు నోటితో చెప్పకూడదు, దాన్ని ఇంకొకరు గుర్తుపట్టకూడదు. గుర్తుపట్టి వాళ్లే కోసుకుంటే ఇచ్చే చేతిలో గుణం చచ్చిపోతుంది. అందుకని రంగు, వాసన మార్చడానికి ఇంకో ఆకు కలపాలి. ఒడ్డున తడి ఇసుకలో మొలిచే మొక్క అది. ఆకు వెడల్పుగా, నూగుతో గరుకుగా ఉంటుంది. పూత తేలుకొండెలా పైకి లేచి వంగి ఉంటుంది. దాన్ని బాపమ్మ తోడాకు అనేది.

"అది మందు కాదే పోరీ. మందుకు ముసుగు" అని నాకు చెప్పింది, ఎవరికీ చెప్పొద్దని తన తల మీద నా చెయ్యి పెట్టించుకుని.

ఇందులో నవ్వు వచ్చే సంగతి ఏమిటంటే, ఆ పేరు చెప్పకూడని ఆకు నేల ఉసిరి. దాన్ని కామెర్లకు వాడతారని మా ఊళ్లో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. నేను ఆమె చెవి దగ్గరికి పోయి "నేలుసిరి" అని గుసగుసలాడితే రెండు చెవులూ మూసుకునేది. ఊరంతటికీ తెలిసిన రహస్యాన్ని మా బాపమ్మ ఒక్కతే కాపాడింది. దాన్ని కాపాడటానికే జీవితమంతా తోడాకు నూరింది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా బాపుకు కామెర్లు వచ్చాయి. బాపు అంటే మా నాన్న, పేరు కుమారస్వామి. ఇసుక ట్రాక్టరు నడిపేవాడు. సాయంత్రం దిగాక తాగేవాడు. పడిపోయేంత కాదు, కాని మానేంత తక్కువా కాదు. కళ్లు పచ్చబడగానే మా అవ్వ, అంటే నా కన్నతల్లి అనసూర్య, జగిత్యాల దవాఖానకు పోదామని కారు మాట్లాడింది. కారు వచ్చి వాకిట్లో ఆగింది. బాపమ్మ గడపలో కూర్చుంది.

"ఊరూరికెల్లి మనుషులు నా ముంగటికి వస్తుండ్రు అనసూర్యా. నా కొడుకును నేనే సూదిమందుకు పంపితే, రేపు ఎవడన్న నా చేతి ముద్ద నోట్ల వెట్టుకుంటడా?"

"మంది సంగతి నాకెందుకత్తా. జర జరుగు."

"మూడు ముద్దలు. మూడు ముద్దలల్ల తగ్గకపోతే నేనే ఎత్తుకపోయి కార్ల వెడుత."

బాపు మంచం మీద నుంచే అన్నాడు, "అవ్వ చెయ్యి చల్లనిదే, ఉండనియ్యే" అని. కారు వెనక్కి పోయింది.

మూడు ముద్దలలో తగ్గలేదు. బాపమ్మ ముద్ద పెద్దది చేసింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తాపింది. కొడుకు అని ప్రేమ ఎక్కువై ఎక్కువ నూరింది. బాపు పొట్ట ఉబ్బి, మాట తడబడటం మొదలయ్యాక అవ్వ ఎవరినీ అడగలేదు. ఎల్లేశం తాత ఆటోలో వేసుకుని కరీంనగర్ తీసుకుపోయింది. కాలేయం పూర్తిగా పోయిందన్నారు అక్కడ. బాపు తిరిగి రాలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో కొట్లాట జరగలేదు. జరిగితే బాగుండేది. అవ్వ అత్తకు వండి పెట్టేది, జ్వరం వస్తే కాళ్లు పిసికేది, బట్టలు ఉతికేది. కల్వాన్ని మాత్రం ముట్టేది కాదు. అంతకుముందు దాన్ని రోజూ కడిగింది, అందులో ఏ రెండాకులు నలిగాయో చూసింది ఆమే. ఇప్పుడు వాకిలి ఊడుస్తూ వచ్చి కల్వం చుట్టూ ఊడ్చి, అది ఉన్నంతమేర చెత్తను అట్లాగే వదిలేసేది. బాపమ్మ దాన్ని చూసి ఆ చెత్తను తానే చేత్తో ఎత్తేది. ఎవరితోనైనా మాటకు మాట అనే మనిషి, కోడలు వదిలిన గుప్పెడు చెత్తకు జవాబు చెప్పలేకపోయింది.

మందు ఇవ్వడం మాత్రం మానలేదు. ఎందుకు మానవు అని ఒకసారి అడిగాను.

"ఆపితే నేనే సంపిన అని ఒప్పుకున్నట్టు కాదానే?" అంది.

ఏళ్లు గడిచాయి. నేను ఇంటర్లో కెమిస్ట్రీ తప్పాను. మళ్లీ రాసి మళ్లీ తప్పాను. ఇప్పుడు ధర్మపురి గుడి దగ్గర కొబ్బరికాయల దుకాణంలో కూర్చుంటున్నాను. ఏ రసాయనానికీ నేను మర్యాద ఇచ్చింది లేదు. అయినా అది వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చింది, స్పందన రూపంలో.

స్పందన మా ఊరి ఆడబిడ్డ నర్మద కూతురు. కరీంనగర్‌లో పెద్ద చదువు చదువుతోంది, రసాయనశాస్త్రంలో. చిన్నప్పుడు తాతగారింటికి వచ్చి కామెర్లు పడితే బాపమ్మే మందు తాపింది. ఆ కృతజ్ఞతతో ఆమె తన పరిశోధనకు ఆ ఆకునే తీసుకుందామనుకుంది. పోయిన వానాకాలం వచ్చి, బాపమ్మ కాళ్లు మొక్కి, విషయం చెప్పింది.

"ఆకు లోపల ఏమేం రసాయనాలున్నయో విడదీసి చూస్తం అమ్మమ్మా."

"చూస్తే ఏం తెలుస్తది?"

"మనిషికి పనికొచ్చేవి ఏమున్నయో తెలుస్తది."

"మనిషిని సంపేటియి ఉంటే?"

"అవీ తెలుస్తయ్."

వంటింట్లో అవ్వ కత్తిపీట మీద బెండకాయలు కోస్తోంది. ఆ చప్పుడు ఆగింది.

బాపమ్మ ఆ పిల్ల ముఖంలోకి చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను. నేల ఉసిరి అని నేను అంటేనే చెవులు మూసుకునే మనిషి.

"ఇస్త. కని తెలిసిందేదో నాకంటె ముందుగాల ఈమెకు చెప్పాలె" అని వంటింటి వైపు చెయ్యి చూపించింది.

మొదట నూరిన ముద్ద తెచ్చి ఇచ్చింది. స్పందన వద్దంది. ఏ మొక్కో తెలియాలి, పూతతో, వేరుతో సహా కావాలి, ముద్దలో ఏది ఏదో ఎట్లా చెప్పడం అంది. బాపమ్మ ముద్దను చేతిలో పట్టుకుని చిక్కులో పడింది. పేరు చెప్పకూడదు, చూపకూడదు. చూపకపోతే తన కొడుకు సంగతి తేలదు. తెల్లవారగానే స్పందనను, నన్ను వెంటబెట్టుకుని, నోరు మూసుకుని, ఒడ్డుకు నడిచింది. నేల ఉసిరి మొక్క దగ్గర ఆగి, ఆకాశం చూస్తూ, కాలి బొటనవేలితో దాన్ని తాకింది. చేత్తో చూపలేదు, నోటితో చెప్పలేదు. బొటనవేలికి వాళ్ల అత్త నియమం ఏదీ పెట్టలేదు.

"ఇదా? నేల ఉసిరి గదా అమ్మమ్మా ఇది" అంది స్పందన.

బాపమ్మ చెవులు మూసుకుంది. నేను ఇసుకలో కూలబడి నవ్వాను.

తోడాకును చూపలేదు. దాచాలని కాదు. మందు అడిగితే మందు చూపింది. ముసుగును ఎవరు లెక్కపెడతారు?

బతుకమ్మ పండుగ దాటాక స్పందన మిఠాయి డబ్బాతో వచ్చింది. ఆకును నీడలో ఎండబెట్టి, పొడిచేసి, స్పిరిట్‌లాంటి దానిలో నానబెట్టి రసం తీశామని చెప్పింది.

"నా కొడుకును గూడ గదే నానవెట్టింది" అంది బాపమ్మ. "ముందటి సంగతి చెప్పు."

స్పందన చెప్పింది. ఫ్లేవనాయిడ్లు ఉన్నాయట, టానిన్లు ఉన్నాయట, లిగ్నాన్లు ఉన్నాయట. నన్ను పరీక్షలో తప్పించిన వాళ్లంతా మా బాపమ్మ ఆకులో కాపురముంటున్నారని నాకు అప్పుడు తెలిసింది.

"ఇందుల విషం ఏది?"

"విషం కనవడలే అమ్మమ్మా. కామెర్లు తగ్గిస్తదని ఇప్పుడే చెప్పలేను. కని మనిషి పానం తీసేటిదైతే ఏం లేదు."

బాపమ్మ గోడకు ఒరిగి కళ్లు మూసుకుంది. మళ్లీ వెంటనే తెరిచింది.

"ముందుగాల ఆమెకు చెప్పుమన్న గద. పో. గట్టిగ చెప్పు."

స్పందన వంటింటి గుమ్మం దగ్గరికి పోయి మళ్లీ అంతా చెప్పింది. అవ్వ విని, చేతులు కొంగుకు తుడుచుకుని, బయటికి వచ్చింది. అత్త వైపు చూడలేదు. స్పందననే అడిగింది.

"తోడాకు సంగతేంది?"

"తోడాకేంది అత్తమ్మా?"

"అది మందు కాదు" అంది బాపమ్మ.

"మందు కాకపోతే నా మొగని కడుపులకు ఎందుకు పోయింది?"

అన్నేళ్లలో అవ్వ ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి. గొంతు పెంచలేదు. మిఠాయి డబ్బా మూత తీసి ఉంది, ఎవరూ ముట్టలేదు. కాసేపటికి నేనే ఒకటి తిన్నాను. ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయాలి కదా.

స్పందన తోడాకు కావాలంది. బాపమ్మ సరే అంది. ఆదివారం పోయింది, బేస్తవారం పోయింది. కాళ్లు గుంజుతున్నాయి అనేది, ఒడ్డుకు నీళ్లొచ్చాయి అనేది. మందు కోసం వచ్చినవాళ్లను కూడా వచ్చేవారం రమ్మని పంపింది. నేనేమో, "బాపమ్మా, తేలుకొండె కుడుతదని భయమా?" అన్నాను. మరెప్పుడైనా అయితే నాలుగు తగిలించేది. ఆ రోజు నా వైపు చూసి, "అవునే" అంది.

తర్వాతి ఆదివారం నేను లేచేసరికి వాకిట్లో తోడాకు కట్ట ఉంది, పూతతో, వేరుతో సహా. బాపమ్మ దాని మీద నీళ్లు చిలకరిస్తోంది. నేను బస్సులో తీసుకుపోయి స్పందనకు ఇచ్చి వచ్చాను. కొన్నాళ్లకు ఆమె ఫోన్ చేస్తే, "ఫోన్ల వద్దు. నా కండ్లతోని చూడాలె" అంది బాపమ్మ. అవ్వను రమ్మన్నాను. "నేను రాను. చూసినంక వచ్చి చెప్పుండ్రి" అంది.

కాలేజీలో ఆ గది గుమ్మం దగ్గర బాపమ్మ చెప్పులు విప్పింది. ఇది గుడి కాదు బాపమ్మా అన్నాను. నువ్వు నోరు ముయ్యి అంది. లోపల అంతా గాజు. స్పిరిటు వాసన. బాపమ్మ కొంగు చుట్టూ బిగించుకుని, ఏదైనా తగిలి పగులుతుందేమోనని పక్కకు పక్కకు నడిచింది.

స్పందన రెండు గాజు గొట్టాలు తీసింది. ఒకదానిలో నేల ఉసిరి రసం, ఇంకోదానిలో తోడాకు రసం. రెండూ చూడటానికి ఒకటే, పలచని టీ నీళ్ల రంగు. చిన్న సీసాలోంచి రెండింటిలోనూ రెండేసి చుక్కలు వేసింది. నేల ఉసిరి గొట్టంలో కొంచెం మసక కమ్మింది, అంతే. తోడాకు గొట్టంలో చుక్క పడ్డచోటల్లా పాలు విరిగినట్టు విరిగి, నారింజ ఎరుపు రంగు తెట్టె కట్టి, అడుగుకు దిగింది.

"కుంకుమ లెక్కనే ఉన్నది" అంది బాపమ్మ. "మంచిదేనా బిడ్డా?"

స్పందన గొట్టాన్ని స్టాండులో పెట్టింది. మెల్లగా చెప్పింది. ఆ రంగు వస్తే ఆల్కలాయిడ్లు అనేవి ఉన్నట్టు. అందులో మంచివీ ఉంటాయి, చెడ్డవీ ఉంటాయి. అందుకే ఇంకో మిషన్‌లో కూడా వేసి చూశారు. మొక్క ఏదో చెట్ల చదువు చెప్పే సార్‌తో గుర్తుపట్టించారు. ఈ మొక్కలో ఉండేవి కాలేయాన్ని చెడగొట్టే రకం.

"నీకు గూడ తాపిన గద. నువ్వు బతికినవ్ గద."

"నేను తాగింది రెండు మూడు ముద్దలు అమ్మమ్మా. అయినా కామెర్లు శానా మందికి వాటంతట అవే తగ్గుతయ్. నాకు గూడ గట్లనే తగ్గినయేమో."

"అంటే గింతమంది బతికింది నా మందుతోని కాదా?"

స్పందన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె ఆ ఆకును పొగుడుతూ రాద్దామని పరిశోధన మొదలుపెట్టింది.

"నా కొడుకును ఇదే సంపిందా?"

"మామకు తాగుడు ఉండె గద. కాలేయం ముందే చెడి ఉంటది. ఇదే సంపిందని నేను చెప్పలేను అమ్మమ్మా."

"ఇది సంపలేదని చెప్తవా?"

"అదీ చెప్పలేను."

బాపమ్మ గొట్టం దగ్గరికి వంగి చూసింది. అడుగున తెట్టె పేరుకుని పైన నీళ్లు తేటబడ్డాయి.

తిరుగు బస్సు జగిత్యాల దాకా కిక్కిరిసి ఉంది. బాపమ్మ నిలబడి ఉంటే ఒకామె గుర్తుపట్టి లేచింది. "మందు దేవవ్వ గదా. కూసో అవ్వా. మా పిలగానికి నీ చేతి మందే తగ్గించింది" అంది. బాపమ్మ కూర్చోలేదు. ఆమె మళ్లీ మళ్లీ చెయ్యి పట్టి లాగింది. చివరికి ఆ సీటులో నేను కూర్చున్నాను, బాపమ్మ నా భుజం పట్టుకుని ఇంటిదాకా నిలబడే వచ్చింది. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. చేతిలో ఆకు లేకుండా ఆమె మౌనంగా ఉండటం నేను అప్పటివరకు చూడలేదు. కొంగుకు తొండ పట్టుకుందని అందామని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఇంటికి రాగానే అవ్వ చెంబుతో నీళ్లు ఇచ్చింది. బాపమ్మ చెంబు పట్టుకుని నిలబడే చెప్పింది.

"తోడాకుల విషం ఉన్నది."

బియ్యం చెరగడానికి మళ్లీ ఎత్తిన చాటను అవ్వ కింద పెట్టింది.

"నేను కారు మాట్లాడిన అత్తా."

"మాట్లాడినవ్."

"నువ్వు గడపల కూసున్నవ్."

"కూసున్న."

అంతే. అవ్వ మళ్లీ చాట తీసుకుని బియ్యం చెరిగింది. బాపమ్మ నీళ్లు తాగకుండా చెంబును గడప పక్కన పెట్టి, కల్వాన్ని బోర్లించింది. రాయి బరువు కదా, రెండుసార్లు చేతులు జారాయి. నేను పట్టబోతే వద్దంది.

ఆ వారమే ఎల్లేశం తాత తన మనుమణ్ణి తీసుకొచ్చాడు. పిల్లవాడి కళ్లు పసుపు పూసినట్టు ఉన్నాయి.

"దవాఖానకు తీస్కపో ఎల్లేశం. నేను మందు ఇయ్య."

"గిట్లంటవేందే. నేనేం తప్పు చేసిన? కాళ్లు మొక్కుత, రెండు ముద్దలియ్యి."

"నా మందు ఏందో ఎరుకేనా నీకు? నేలుసిరి. గంతే. నేలుసిరి."

ఆ పేరు ఆమె నోటి నుంచి వినడం అదే మొదలు. ఎల్లేశం తాత మాత్రం తెల్లముఖం వేశాడు.

"నేలుసిరని మాకు ఎర్కలేదానే? మా గొర్లకు గూడ ఎరుకే. మాకు నీ చెయ్యి గావాలె గని."

"రెండో ఆకుల విషమున్నదిరా. అదే నా కొడుకును తిన్నది."

"పోయినోనితోని పానం చెడగొట్టుకోకే" అని జాలిగా అన్నాడు ఆయన. మనుమణ్ణి స్కూటర్ ఎక్కించుకుని పోయాడు. దవాఖాన ఉన్న వైపు కాదు, ఖానాపూర్ వైపు. అక్కడ ఇంకెవరో ఇస్తారట. బాపమ్మ రోడ్డు దాకా ఉరికి అరిచింది. స్కూటర్ చప్పుడులో ఆయనకు వినపడిందో లేదో. ఆ పిల్లవాడు బతికాడు. బతికినందుకు ఖానాపూర్ ఆయనకు పేరొచ్చింది. పేరు పలికినందుకు దేవవ్వ చేతిలో గుణం చచ్చిపోయిందని మా ఊళ్లో అనుకున్నారు. తోడాకు సంగతి ఆమె ఇంటింటికీ పోయి చెప్పింది. కొందరు నవ్వారు. ఒకామె తలుపు వేసుకుంది. ఆమె తమ్ముడు మా మందు తాగుతూనే పోయాడు. మొన్నటి పెళ్లిలో బాపమ్మ వెనక వరుసలో, నీళ్ల డ్రమ్ము పక్కన కూర్చుంది. ఆ ఇంటి అన్నం మీద ఒక్క వంకా పెట్టలేదు.

ఇప్పటికీ ఆదివారం, బేస్తవారం తెల్లవారుతుండగా ఒడ్డుకు పోతుంది. తేలుకొండె మొక్కలు కనిపించినకాడికి పీకి కుప్ప వేస్తుంది. గోదావరి నీళ్లు ఎక్కి దిగినప్పుడల్లా అవి మళ్లీ మొలుస్తాయి. కల్వం ఉన్న చోట అవ్వ ఇప్పుడు చెత్త మిగలకుండా ఊడుస్తుంది. అది కోపం తగ్గడమో, కల్వం బోర్లించి ఉంది కాబట్టి ఊడ్చడం తేలికో, నాకు తెలియదు.

నేను వెనకాలే పోతాను. ఒక రోజు ఆశ చావక అన్నాను.

"బాపమ్మా, నీ కొంగుకు తొండ వట్టుకున్నది."

ఆమె ఆగింది. వెనక్కి తిరిగి, కొంగు ముందుకు తెచ్చి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఏది బిడ్డా? ఏడున్నది?"